కర్నూలు–కడప గగన దూరం, విమాన సమయం సరిగ్గా లెక్కగట్టడం ఎలా? దశలవారీ సమగ్ర మార్గదర్శి

కర్నూలు నుంచి కడపకు విమానంలో ఎంత దూరం, ఎంతసేపు? పాఠకులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవారిలో చాలామంది అప్పటికే ఇంటర్నెట్‌లో వెతికి ఉంటారు. ఒకచోట 11 నిమిషాలని, మరోచోట 41 నిమిషాలని, టికెట్లు అమ్మేచోట నాలుగైదు గంటలని కనిపిస్తుంది. ఏది నమ్మాలో తేలదు.

ఆ మూడింటిలో ఏదీ ఊరికే పుట్టిన అంకె కాదు. మూడూ మూడు వేరే ప్రశ్నలకు జవాబులు. దూరం లెక్కగట్టడం తేలిక. సమయం దగ్గరే అందరూ తడబడతారు, ఎందుకంటే ఏ విమానం, ఏ సమయం అన్నది తేల్చుకోకుండానే భాగహారం మొదలుపెడతారు.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది ఓర్వకల్లు దగ్గరి కర్నూలు విమానాశ్రయం, కడప విమానాశ్రయం. పద్ధతి మాత్రం ఏ రెండు చిన్న విమానాశ్రయాలకైనా పనికొస్తుంది. కాగితం, పెన్ను, ఫోనులోని కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని చదవండి.

## 1. మీకు కావలసింది ఏ సమయం?

విమాన సమయం అనే మాటకు వాడుకలో మూడు అర్థాలున్నాయి.

- గాలిలో ఉండే సమయం: చక్రాలు రన్‌వేను వదిలిన క్షణం నుంచి గమ్యంలో రన్‌వేను తాకే వరకు.
- బ్లాక్ సమయం: విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి గమ్యంలో పూర్తిగా ఆగేవరకు. టికెట్ మీద బయలుదేరే, చేరే సమయాల మధ్య తేడాగా కనిపించేది ఇదే.
- ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయం: రోడ్డు ప్రయాణం, చెక్-ఇన్, భద్రతా తనిఖీ, సామాను కోసం నిలబడటం అన్నీ కలిపి.

పిల్లల ప్రాజెక్టు పనికైతే మొదటిది చాలు. మరో విమానం అందుకోవలసినవారికి రెండోది ముఖ్యం. ఆసుపత్రికో పెళ్ళికో వెళ్ళే కుటుంబానికి మూడోదే అసలు లెక్క. మొదలుపెట్టకముందే వీటిలో ఒకదాన్ని కాగితం మీద పైన రాసుకోండి.

## 2. దగ్గర పెట్టుకోవలసినవి

- రెండు విమానాశ్రయాల పూర్తి పేర్లు, మూడక్షరాల కోడ్‌లు
- రెండింటి అక్షాంశాలు, రేఖాంశాలు, రెండు దశాంశ స్థానాల వరకు
- సైన్, కొసైన్ మీటలున్న కాలిక్యులేటర్ (చాలా ఫోన్లలో అడ్డంగా తిప్పితే వస్తాయి)
- ఆ మార్గంలో నడిచే విమానం రకం
- రోడ్డు దూరం, సరిచూసుకోవడానికి

కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందా, రేడియన్లలో ఉందా అని ముందే చూడండి. 30 డిగ్రీల సైన్ కొట్టండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టే. వేరే అంకె వస్తే మార్చుకున్నాకే ముందుకు వెళ్ళండి.

## 3. విమానాశ్రయాన్ని సరిగ్గా గుర్తించండి

ఊరు వేరు, విమానాశ్రయం వేరు. కర్నూలు విమానాశ్రయం కర్నూలు నగరంలో లేదు. నంద్యాల వెళ్ళే దారిలో ఓర్వకల్లు దగ్గర ఉంది. కడప విమానాశ్రయం కూడా నగరానికి వాయవ్యంగా పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు కొలిస్తే వచ్చేది వేరే అంకె. చిన్న దూరాల్లో ఆ తేడా బాగా కనిపిస్తుంది.

కోడ్‌లను ఊహించి రాయవద్దు. కడపకు సీడీపీ, కర్నూలుకు కేజేబీ. కర్నూలు కదా అని కేఎన్‌యూ అని కొడితే కాన్పూర్ విమానాశ్రయం వస్తుంది, దూరం వందల కిలోమీటర్లు పెరిగిపోతుంది. పైలట్లు, నియంత్రణ కేంద్రాలు వాడే నాలుగక్షరాల కోడ్‌లు వేరు: కడపకు వీఓసీపీ, కర్నూలుకు వీఓకేయూ. మీరు చూస్తున్న పేజీలో ఈ నాలుగక్షరాలు కూడా సరిపోలితే ఇక సందేహం అక్కరలేదు.

అనంతపురం పాఠకులకు ఒక మాట. దూరాలు చూపే సైట్లలో అనంతపురం అని కొడితే సాధారణంగా పుట్టపర్తి విమానాశ్రయానికి తీసుకుపోతాయి. అది ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడ రన్‌వే ఉంది, దూరమూ లెక్కగట్టవచ్చు. కానీ పేరు కనిపించినంత మాత్రాన టికెట్ దొరుకుతుందని కాదు. ప్రయాణం కోసమే అడుగుతున్నట్టయితే మీ లెక్క బెంగళూరు విమానాశ్రయం నుంచి మొదలుకావడమే మేలు. జాతీయ రహదారి 44 మీద నేరుగా వెళ్ళి చేరవచ్చు.

## 4. అక్షాంశ, రేఖాంశాలను దశాంశాల్లోకి మార్చండి

ఎక్కువ తప్పులు పుట్టేది ఈ మెట్టు దగ్గరే. తొందరపడకండి.

కొన్నిచోట్ల స్థానాన్ని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇస్తారు. నిమిషాలను 60తో, సెకన్లను 3,600తో భాగించి డిగ్రీలకు కలపాలి. కడప అక్షాంశం సుమారు 14 డిగ్రీల 30 నిమిషాల 36 సెకన్లు. అంటే 14 + 0.50 + 0.01 = 14.51.

లెక్కకు మనం వాడబోయే అంకెలు ఇవి:

- కర్నూలు (ఓర్వకల్లు): అక్షాంశం 15.71 ఉత్తరం, రేఖాంశం 78.16 తూర్పు
- కడప: అక్షాంశం 14.51 ఉత్తరం, రేఖాంశం 78.77 తూర్పు

రెండు దశాంశ స్థానాలు చాలు. మూడో స్థానం మార్చేది వంద మీటర్ల చొప్పున. విమానానికి అది రన్‌వే పొడవులో ఒక ముక్క మాత్రమే.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, నిమిషాలను దశాంశాలుగా చదవడం. కర్నూలు రేఖాంశం 78 డిగ్రీల 9 నిమిషాలు దాటి ఉంటుంది. దాన్ని 78.9 అని రాశారనుకోండి, విమానాశ్రయం ఎనభై కిలోమీటర్లు తూర్పుకు జరిగి నల్లమల అడవిలో పడుతుంది. ఒకే అంకె ఉన్న నిమిషాలు కనిపిస్తే మరింత జాగ్రత్త. 9 నిమిషాలంటే 0.15 డిగ్రీ, 0.9 డిగ్రీ కాదు.

రెండోది, అక్షాంశం రాయవలసిన గడిలో రేఖాంశం రాయడం. కర్నూలు అంకెలను తారుమారు చేస్తే 78.16 ఉత్తరం, 15.71 తూర్పు అవుతుంది. అది ఉత్తర ధ్రువానికి చేరువలో ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో, లాంగ్‌యార్‌బ్యెన్ అనే ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని చోటు. రెండు విమానాశ్రయాలకూ ఇదే తప్పు జరిగితే జవాబు నమ్మశక్యంగానే కనిపిస్తుంది, అందుకే పట్టుకోవడం కష్టం. గుర్తుపెట్టుకోవడానికి దారి ఉంది: రాయలసీమలో ఎక్కడైనా అక్షాంశం 12.5 నుంచి 16.5 మధ్య, రేఖాంశం 76 నుంచి 80 మధ్య ఉంటుంది.

మార్చిన అంకెలను ఫోను మ్యాప్‌లో వేసి చూడండి. గుర్తు రన్‌వే మీదో, దాని పక్కనో పడాలి. పొలంలో పడితే వెనక్కి వెళ్ళి సరిచూసుకోండి.

## 5. దూరాన్ని చేత్తో లెక్కగట్టండి

అక్షాంశం ఒక డిగ్రీ మారితే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు మారుతుంది. రేఖాంశం సంగతి అలా కాదు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీకి 111 కి.మీ. ఉన్నా, ఉత్తరానికి పోయేకొద్దీ రేఖలు దగ్గరవుతాయి. అందుకే రేఖాంశం తేడాను ఆ చోటి అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి.

ఇప్పుడు వరుసగా చేయండి.

1. అక్షాంశాల తేడా: 15.71 – 14.51 = 1.20 డిగ్రీలు
2. ఉత్తర దక్షిణ దూరం: 1.20 × 111 = 133.2 కి.మీ.
3. రేఖాంశాల తేడా: 78.77 – 78.16 = 0.61 డిగ్రీ
4. సగటు అక్షాంశం: 15.11. దాని కొసైన్ 0.965
5. తూర్పు పడమర దూరం: 0.61 × 111 × 0.965 = 65.3 కి.మీ.
6. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీయండి: సుమారు 148 కి.మీ.

బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం లెక్కే ఇది. కర్నూలు నుంచి కడప 133 కి.మీ. దక్షిణంగా, 65 కి.మీ. తూర్పుగా ఉంది. కర్ణమే గగన దూరం.

విమానయానంలో దూరాన్ని నాటికల్ మైళ్ళలో చెబుతారు. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ. కాబట్టి 148 ÷ 1.852 = 80 నాటికల్ మైళ్ళు. మొదటి నుంచీ నాటికల్ మైళ్ళే కావాలంటే 111 బదులు 60 వాడండి, జవాబు నేరుగా వస్తుంది. నాకు ఈ దారే ఎక్కువ ఇష్టం. 60తో గుణించడం నోటిలెక్కగానే అయిపోతుంది.

## 6. గోళపు లెక్క కావాలంటే

భూమి గుండ్రంగా ఉంది కదా, త్రిభుజం లెక్క ఎలా కుదురుతుంది అని అడిగే పాఠకులున్నారు. మంచి ప్రశ్న. రెండు మూడు వందల కిలోమీటర్ల లోపు తేడా లెక్కలోకి రానంత చిన్నది. అయినా చేసి చూడాలనుకునేవారికి పద్ధతి ఇది.

1. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి.
2. రెండు అక్షాంశాల కొసైన్‌లను, రేఖాంశాల తేడా కొసైన్‌ను, మూడింటినీ గుణించండి.
3. ఈ రెండు ఫలితాలను కలపండి.
4. వచ్చినదానికి విలోమ కొసైన్ తీయండి. డిగ్రీల్లో కోణం వస్తుంది.
5. ఆ కోణాన్ని 111.19తో గుణించండి.

మన ఉదాహరణలో మూడో మెట్టుకు 0.999728 వస్తుంది, కోణం 1.336 డిగ్రీలు, దూరం 148.6 కి.మీ. చేత్తో చేసినదానికీ దీనికీ కిలోమీటరు తేడా కూడా లేదు.

ఒక హెచ్చరిక. మూడో మెట్టులో వచ్చిన అంకెను కుదించవద్దు. 0.9997 అని రాసుకుని ముందుకు వెళితే 156 కి.మీ. అని తేలుతుంది. దగ్గరి దూరాలకు ఈ అంకె ఒకటికి బాగా చేరువగా ఉంటుంది కాబట్టి ఐదారు దశాంశాల దగ్గరే దూరమంతా దాగి ఉంటుంది. కాలిక్యులేటర్‌లో చెరపకుండా గొలుసుగా చేసుకుపోవడం మేలు. కంప్యూటర్‌లో పట్టికల సాఫ్ట్‌వేర్ వాడితే డిగ్రీలను ముందు రేడియన్లలోకి మార్చండి. అవి డిగ్రీలను నేరుగా తీసుకోవు.

## 7. జవాబును నేల మీద సరిచూసుకోండి

లెక్క పూర్తికాగానే నమ్మకండి. రెండు పరీక్షలు పెట్టండి.

మొదటి పరీక్ష రోడ్డు. గగన దూరం ఎప్పుడూ రోడ్డు దూరం కంటే తక్కువే ఉండాలి. ఓర్వకల్లు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప విమానాశ్రయానికి రోడ్డు మీద దాదాపు 190 నుంచి 200 కి.మీ. ఉంటుంది. గగన దూరానికి ఇది మూడో వంతు ఎక్కువ. మన వైపు మైదానపు దారుల్లో ఐదో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా ఎక్కువ, అంటే 1.2 నుంచి 1.4 రెట్ల మధ్య వస్తే లెక్క సరైనదని అనుకోవచ్చు. రెండు రెట్లు దాటితే మధ్యలో కొండో, జలాశయమో ఉందా చూడండి. అదేమీ లేకపోతే లెక్క తప్పింది.

రెండో పరీక్ష దారిలోని ఊళ్ళు. మ్యాప్ మీద రెండు రన్‌వేలను కలుపుతూ గీత గీయండి. ఆ గీత నంద్యాలకు పడమరగా సాగుతుంది. కోయిలకుంట్ల కుడిచేతి వైపు, ఆళ్ళగడ్డ ఎడమచేతి వైపు ఉంటాయి. తర్వాత ప్రొద్దుటూరు కుడివైపు, మైదుకూరు ఎడమవైపు వస్తాయి. అంటే ఎర్రమలలకూ నల్లమలకూ నడుమ, కుందూ నది పారే నేల మీదుగానే దాదాపు ప్రయాణమంతా. మీ గీత నల్లమల అడవి లోపలికి పోతే రేఖాంశం తప్పు రాశారన్నమాట.

దిశ కూడా ఇక్కడే తెలుస్తుంది. తూర్పు పడమర దూరాన్ని ఉత్తర దక్షిణ దూరంతో భాగించి విలోమ టాంజెంట్ తీస్తే 26 డిగ్రీలు. దక్షిణం నుంచి తూర్పుకు 26 డిగ్రీలు వాలిన దారి. ఉత్తరం నుంచి సవ్యదిశలో లెక్కిస్తే 154 డిగ్రీలు. ఈ అంకెను రాసి ఉంచండి, పదో మెట్టులో కావాలి.

## 8. ఏ విమానం నడుస్తుందో తెలుసుకోండి

ఆన్‌లైన్‌లో దూరాలు చూపే సైట్లు చాలావరకు పెద్ద జెట్ వేగాన్ని, గంటకు 800 కి.మీ. అటూ ఇటూ అనుకుని లెక్కవేస్తాయి. 148ని 800తో భాగిస్తే 11 నిమిషాలు. దానికి ఎక్కడం దిగడం పేరిట అరగంట కలిపితే 41. మొదట్లో చెప్పిన రెండు అంకెలూ అక్కడి నుంచి వచ్చినవే.

కర్నూలులో, కడపలో రన్‌వే పొడవు సుమారు 2,000 మీటర్లు. ఇలాంటి చోట్లకు సరిగ్గా సరిపోయేది ఏటీఆర్ 72 వంటి విమానం, రెక్కలకు రెండు ప్రొపెల్లర్లు ఉండేది. దాని నిలకడ వేగం గంటకు సుమారు 510 కి.మీ., అంటే 275 నాట్లు. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు.

టికెట్ తీసుకునేటప్పుడు విమానం పేరు ఉన్నచోట ఏటీఆర్ అని ఉందో లేదో చూడండి. ఉంటే జెట్ వేగంతో వేసిన లెక్కలన్నీ పక్కన పెట్టేయండి.

## 9. గాలిలో ఉండే సమయాన్ని ముక్కలుగా లెక్కగట్టండి

80 నాటికల్ మైళ్ళను 275తో భాగించి 60తో గుణిస్తే పదిహేడున్నర నిమిషాలు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కానీ విమానం నేల మీద నుంచే 275 నాట్ల వేగంతో లేవదు, అదే వేగంతో దిగదు. ఇంత దగ్గరి దారిలో నిలకడగా ఎగిరేది కొద్దిసేపే.

ఈ దారిలో విమానం 12,000 అడుగుల ఎత్తుకు వెళ్ళిందనుకుందాం.

- పైకి ఎక్కడం: నిమిషానికి సుమారు 1,200 అడుగులు ఎక్కితే 10 నిమిషాలు. ఈలోగా సగటున 180–190 నాట్ల వేగంతో 30 నాటికల్ మైళ్ళు గడుస్తాయి.
- దిగడం: ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ళు కావాలని పైలట్లు వాడే ఉజ్జాయింపు లెక్క. 12,000 అడుగులకు 36 నాటికల్ మైళ్ళు, 9 లేదా 10 నిమిషాలు.
- మిగిలింది: 80 నుంచి 30, 36 తీసేస్తే 14 నాటికల్ మైళ్ళు. పూర్తి వేగంతో మూడు నిమిషాలు.
- రన్‌వేకు ఎదురుగా సర్దుకోవడం: 4 నుంచి 8 నిమిషాలు.

మొత్తం 26 నుంచి 31 నిమిషాలు. అరగంట అని రాసుకోండి.

ప్రతిసారీ ఇంత వివరంగా చేయలేకపోతే ఒక దగ్గరి దారి ఉంది. ఏటీఆర్ అయితే దూరాన్ని నిలకడ వేగంతో భాగించి వచ్చిన నిమిషాలకు 10 నుంచి 12 కలపండి. ఇక్కడ పదిహేడున్నరకు కలిపితే 28 లేదా 29 వస్తుంది. దూరం ఎంత పెరిగినా కలిపే నిమిషాలు పెద్దగా మారవు, ఎందుకంటే ఎక్కడం దిగడం అన్ని ప్రయాణాల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే చిన్న దారుల్లో కలపడం మరిచిపోతే జవాబు బాగా చెడుతుంది, పెద్ద దారుల్లో అంతగా కనిపించదు.

## 10. గాలి, రన్‌వే దిశ

గంటకు 40 కి.మీ. ఎదురుగాలి ఉంటే 510 కాస్తా 470 అవుతుంది. కర్నూలు–కడప మధ్య దానివల్ల పెరిగేది ఒకటిన్నర నిమిషమే. అదే కర్నూలు–విశాఖపట్నం దారిలో (సుమారు 583 కి.మీ.) ఆరు నిమిషాలు. కాబట్టి 200 కి.మీ. లోపు దారులకు గాలి వేగం గురించి తలనొప్పి పెట్టుకోనక్కరలేదు.

గాలి దిశ మాత్రం మరో విధంగా పనిచేస్తుంది. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది. కడప రన్‌వే ఒక కొస నుంచి సుమారు 110 డిగ్రీల దిశలో, రెండో కొస నుంచి 290 డిగ్రీల దిశలో ఉంటుంది. కర్నూలు నుంచి వచ్చే దారి 154 డిగ్రీలు. తూర్పు వైపు గాలి ఉన్నరోజు 110 దిశలో దిగడానికి కొద్దిగా వంపు తిరిగితే చాలు. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలులు బలంగా వీస్తాయి. అప్పుడు 290 దిశలో దిగాలి. అంటే విమానాశ్రయాన్ని దాటిపోయి తూర్పు నుంచి తిరిగి రావాలి. పైన 4 నుంచి 8 నిమిషాలని రాసింది ఈ తేడాను దృష్టిలో పెట్టుకునే.

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు కడపకు లెక్క వేస్తే ఎక్కువ అంకె తీసుకోండి.

## 11. బ్లాక్ సమయం

గాలిలో సమయానికి నేల మీద కదిలే సమయం కలపాలి. చిన్న విమానాశ్రయాల్లో వరుసలో ముందు మరో విమానం ఉండటం అరుదు. ఒక్కోచోట 5 నిమిషాలు చాలు. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ వంటి పెద్దచోట్ల 10 నుంచి 15 వేయండి.

కర్నూలు–కడపకు: 30 + 5 + 5 = 40 నిమిషాలు. విమాన సంస్థలు ఆలస్యాల కోసం కొంత వెసులుబాటు పెట్టుకుని పట్టిక వేస్తాయి. కాబట్టి నేరుగా సర్వీసు ఉంటే టికెట్ మీద 45 నుంచి 50 నిమిషాలు కనిపించాలి.

మీ పద్ధతి సరైనదో కాదో తెలియాలంటే తెలిసిన దారి మీద ప్రయోగించండి. కర్నూలు–బెంగళూరు 153 నాటికల్ మైళ్ళు. 275తో భాగిస్తే 33 నిమిషాలు, ఎక్కడం దిగడానికి 11, నేల మీద కర్నూలులో 5, బెంగళూరులో 12. మొత్తం దాదాపు గంట. వెసులుబాటు కలిపి టికెట్ మీద గంట దాటి కొద్ది నిమిషాలు ఉంటుంది. మీ లెక్కకూ టికెట్‌కూ పదిహేను నిమిషాలకు మించి తేడా వస్తే విమానం రకం మళ్ళీ చూడండి.

## 12. నేరుగా విమానం లేనప్పుడు

దూరం ఉన్నంత మాత్రాన సర్వీసు ఉండదు. టికెట్ సైట్‌లో మీ తేదీకి, ఆ తర్వాతి వారం రోజులకు వెతికి చూడండి. చిన్న విమానాశ్రయాల్లో కొన్ని సర్వీసులు వారంలో కొన్ని రోజులే నడుస్తాయి. ఒక్క తేదీ చూసి లేదని నిర్ణయించుకోవద్దు.

నేరుగా లేకపోతే మూడో ఊరి మీదుగా పోవాలి. అప్పుడు గగన దూరం ఇలా మారుతుంది:

- బెంగళూరు మీదుగా: 283 + 185 = 468 కి.మీ.
- చెన్నై మీదుగా: 372 + 227 = 599 కి.మీ.
- విజయవాడ మీదుగా: 296 + 312 = 608 కి.మీ.

148 కి.మీ. దారికి మూడు నాలుగు రెట్లు తిరగడం. రెండు బ్లాక్ సమయాలు, మధ్యలో వేచి ఉండే సమయం కలిపితే నాలుగైదు గంటలు సులభంగా దాటుతాయి. టికెట్ సైట్లు చూపే పెద్ద అంకె ఇదే.

ఇలాంటి ప్రయాణానికి తప్పక చూసుకోవలసినవి:

- రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయా? విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదాని డబ్బు పోయే ప్రమాదం ఉంది.
- సామాను చివరి వరకు వెళ్తుందా, మధ్యలో తీసుకుని మళ్ళీ అప్పగించాలా?
- మధ్య విరామం ఎంత? సామాను మళ్ళీ అప్పగించవలసివస్తే రెండు గంటలకు తగ్గనివ్వకండి.
- చేరే తేదీ అదేనా? రాత్రి ఆగి మరునాడు ఎక్కించే జతలు కూడా జాబితాలో కలిసిపోయి ఉంటాయి.

## 13. ఇంటి నుంచి ఇంటికి లెక్క

ఈ ముక్కను ఎవరూ వేయరు. నిర్ణయం మాత్రం దీని మీదే ఆధారపడుతుంది. నేరుగా విమానం ఉందనుకుని కర్నూలు నగరం నుంచి కడప నగరానికి వేద్దాం.

- ఇంటి నుంచి ఓర్వకల్లుకు: 35 నిమిషాలు
- విమానాశ్రయంలో ముందుగా ఉండటం: 90 నిమిషాలు (చెక్-ఇన్ కౌంటర్లను చాలా సంస్థలు గంట ముందే మూసేస్తాయి)
- బ్లాక్ సమయం: 50 నిమిషాలు
- దిగి సామాను తీసుకుని బయటికి: 20 నిమిషాలు
- కడప నగరంలోకి: 25 నిమిషాలు

మొత్తం 220 నిమిషాలు, మూడు గంటల నలభై నిమిషాలు. కారులో జాతీయ రహదారి 40 మీద దాదాపు నాలుగు గంటల్లో చేరవచ్చు. అంటే నేరుగా విమానం ఉన్నా మిగిలేది ఇరవై నిమిషాలు. మూడో ఊరి మీదుగా అయితే రోడ్డే ముందు చేరుస్తుంది. ఈ ఊళ్ళ జంటకు నా సలహా సూటిగా చెబుతాను: కర్నూలు–కడప ప్రయాణానికి విమానం గురించి ఆలోచించకండి. ఆళ్ళగడ్డ, నంద్యాల వారికి అసలే వద్దు. మీరు సగం దారిలోనే ఉన్నారు.

కడప నుంచి విజయవాడకో, కర్నూలు నుంచి విశాఖకో వెళ్ళాలంటే మాత్రం ఇదే లెక్క విమానం వైపు మొగ్గుతుంది. రోడ్డు గంటలు పెరిగేకొద్దీ విమానాశ్రయంలో గడిపే గంటన్నర బరువు తగ్గుతుంది.

## 14. మిగిలిన పొరపాట్లు, వాటి దిద్దుబాట్లు

గంటల దశాంశాన్ని నిమిషాలుగా చదవడం. 148ని 510తో భాగిస్తే 0.29 గంట. అది 29 నిమిషాలు కాదు, 60తో గుణించాలి, పదిహేడున్నర. ఈ ఉదాహరణలో తప్పు జవాబు అనుకోకుండా అసలు సమయానికి దగ్గరగా పడుతుంది, అందుకే పట్టుబడదు. మరో జంటకు వేస్తే బయటపడుతుంది.

మైళ్ళను కలిపేయడం. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. మన దూరం 92 మామూలు మైళ్ళు, 80 నాటికల్ మైళ్ళు. 92ని 275 నాట్లతో భాగించకూడదు. వేగం నాట్లలో ఉంటే దూరం నాటికల్ మైళ్ళలోనే ఉండాలి.

తిరుగు ప్రయాణానికి అదే సమయం రాయడం. దూరం మారదు కానీ గాలి, దిగే దిశ మారతాయి. చిన్న దారులకు ఐదు నిమిషాల వరకు తేడా సహజం.

ఆన్‌లైన్ మ్యాప్‌లో కొలిచేటప్పుడు టెర్మినల్ నుంచి ఒకసారి, ఊరి పేరు నుంచి ఒకసారి మొదలుపెట్టడం. రెండు వైపులా రన్‌వే మధ్య బిందువునే తీసుకోండి.

## 15. సాధన కోసం మరికొన్ని జంటలు

మీరు లెక్కవేసి వీటితో పోల్చుకోండి. రెండు కిలోమీటర్ల లోపు తేడా వస్తే పద్ధతి పట్టుబడినట్టే.

పుట్టపర్తి అక్షాంశం 14.15, రేఖాంశం 77.79. తిరుపతి 13.63, 79.54. హైదరాబాద్ 17.24, 78.43.

- కడప–పుట్టపర్తి: 113 కి.మీ., 61 నాటికల్ మైళ్ళు
- కడప–తిరుపతి: 128 కి.మీ., 69 నాటికల్ మైళ్ళు
- కర్నూలు–హైదరాబాద్: 172 కి.మీ., 93 నాటికల్ మైళ్ళు
- కర్నూలు–పుట్టపర్తి: 178 కి.మీ., 96 నాటికల్ మైళ్ళు
- కడప–హైదరాబాద్: 305 కి.మీ., 165 నాటికల్ మైళ్ళు

వీటిలో కడప–పుట్టపర్తి జంటను ముందుగా చేయండి. అక్షాంశం తేడా తక్కువ, రేఖాంశం తేడా ఎక్కువ కాబట్టి కొసైన్‌తో గుణించడం మరిచిపోతే దూరం మూడు కిలోమీటర్లకు పైగా పెరిగి తప్పు వెంటనే తెలిసిపోతుంది.